నిల్

ఎనిమిదేళ్లుగా నేను రాసే పుస్తకంలో ఒకటే మాట.
తేదీ, వేళ, నీటి మట్టం: నిల్.
పొద్దున ఒకసారి, మాపటేల ఒకసారి
కొండవంక మీది మట్టికట్ట దాకా నడిచిపోయి
గేజీ రాయి చూసి,
దాని ఎర్ర అంకెల మీద బల్లి ఉంటే దాన్నీ చూసి
నిల్ రాసి వస్తాను.

అది చెరువు కాదు.
కయ్య తడపదు, చేప పెంచదు.
అడుగున తూముకు తలుపైనా లేదు,
వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి.
ఖాళీగా ఉండటమే దాని ఉద్యోగమని
సారు నాకు చెప్పింది నేను చెంగల్రాయుడు తాతకు చెబితే
"అయితే నీకూ దానికీ ఒకే జీతం" అన్నాడు.

కట్టేటప్పుడు రోలరు చెడిపోయింది.
తిరుపతి నుంచి సామాను రావడానికి తొమ్మిది దినాలు.
పోసిన మన్ను వదులు, మబ్బేమో చంద్రగిరి కొండ మీద.
మునిలక్ష్మి తన గొర్రెల మందను తోలుకొచ్చింది.
జానెడు మన్ను పోయడం, నీళ్లు చల్లడం,
అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మందను తిప్పడం.
గిట్టల కింద ఎర్రమన్ను
కెలికిన సంగటిలా బిగిసింది.
బిల్లులో గొర్రెల పద్దు లేదు,
యంత్రముల బాడుగ అని రాశారు.
చదివించుకుని విని నవ్వింది:
"సూడున్నా, నా గొర్రెలు మిషన్లయిపొయ్యె."

ఈ కార్తీకంలో ఒక రాత్రి
పదింటికి మొదటిసారి అంకె రాశాను. మూడడుగులు.
నిల్‌కు అలవాటైన చెయ్యి, వంకర పోయింది.
పన్నెండుకు తొమ్మిది.
రెండున్నరకు గేజీ రాయే కనబడలేదు.
తూము తన గొంతు పట్టినంతే మింగుతా ఉంది.
కట్ట వెనక చీకటికి బరువొచ్చింది.

కింది వాలులో, ఎండ్రకాయ బొరియ పక్కన
వేలంత ఊట.
మట్టి కుక్కబోతే
ఎప్పుడొచ్చిందో, గోనెసంచి కప్పుకొని మునిలక్ష్మి
నా చెయ్యి పట్టి ఆపింది.
"మూస్తే ఇంకో తావున పగులుతాది.
నీళ్లను పోనీ. మన్నును మాత్రం పోనీవద్దు."
చుట్టూ కంకర పోయించి
నడుముకు చెక్కిన గాజు గ్లాసు తీసి
ఊట కింద పట్టింది. టార్చి వెయ్యమంది.
"తేటగా ఉంటే కట్ట చెమట పోస్తాంది, అంతే.
మడ్డి వస్తే
కట్టే నడిచి పోతాంది."

గ్లాసు. వెలుతురు. అందులో వాన చుక్కలు.
తాత కూడా వంగి చూశాడు,
ఎగతాళి ఎక్కడ పెట్టొచ్చాడో.
ఒక రేణువు తిరుగుతూ తిరుగుతూ దిగింది.
ఇంకొకటి.
ముగ్గురమూ మూడోదాని కోసం చూశాం.
మళ్లీ పట్టింది. మళ్లీ.
తెల్లవారే దాకా ఎన్ని గ్లాసులో రాయడానికి
పుస్తకంలో గడి లేదు.

పొద్దున కింద, స్వర్ణముఖి ఒడ్డు కాలనీలో
పాల ప్యాకెట్లు గేట్లకు ఎప్పటిలాగే వేలాడాయి.
ఎవరి చెప్పులు వాళ్ల గడపలోనే ఉన్నాయి.
టీ బంకు దగ్గర ఒకాయన అన్నాడు:
"టీవీలో ఊరికే భయపెట్టిరి,
పెద్ద వానేం కాదే."
నేను టీ గ్లాసును వెలుతురుకు ఎత్తి
అడుగు చూసి తాగాను.

నాలుగో దినానికి నీళ్లు తీశాయి.
మునిలక్ష్మి దొడ్డి కట్టకు పైవైపు.
తడిక విప్పే వచ్చిందంట ఆ రాత్రి,
అయినా చీకట్లో కొన్ని కదల్లేదు.
"నిలిపిన నీళ్లు
యాడో ఒక తావున నిలవాల గదా" అనింది.
అంతకన్నా ఏమీ అనలేదు.

ఎవరూ అడక్కుండానే
చెమ్మ పట్టిన వాలు మీద కంకర తీసి, కొత్త మన్ను పోసి
మిగిలిన మందను తోలింది.
గిట్టల చప్పుడు పలచగా ఉంది.

గేజీ రాయి కడిగాను. మట్టం: నిల్.
దాని పక్క గడి, నష్టం.
"అది కూడా నిల్ వేసెయ్, రిపోర్టు పోవాల" అని
ఫోనులో సారు.
పుస్తకం మోకాలి మీద పెట్టుకుని
కట్ట మీద కూర్చున్నాను.
పోయేవి, వచ్చేవి గొర్రెలు
లెక్కపెడతా ఉన్నాను.